కేలండర్ కాగితం

మా నాన్న ముప్ఫయ్యేళ్ళుగా నేర్చుకున్న పశువైద్యం నా చేతుల మీదుగా పుస్తకమైంది. నా చేతుల మీదుగానే పోయింది కూడా. పుస్తకం ఒక్కటే పోయి ఉంటే ఈ వయసుకి ఆ బాధ మొద్దుబారేదేమో. కాని దానికి తోడు నేనొక అబద్ధమాడాను. ఆ అబద్ధం ఇద్దరు స్నేహితుల మధ్య ఏడాదికి పైగా గోడలా నిలబడింది. ఇన్నాళ్ళకి దాన్ని ఉన్నదున్నట్టు రాసుకోవాలనిపించింది.

మాది అనకాపల్లికి మూడు మైళ్ళ దూరంలో, శారద ఏటికి అవతల ఉన్న పల్లె. అరవైల నాటి మాట. మాకు కొంచెం చెరకు, కొంచెం వరి. నాన్న ఐదో తరగతితో చదువు ఆపేశాడు. అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. పశువుని మాత్రం ఒక్క చూపులో చదివేవాడు. ముట్టె తడిగా ఉందో పొడిగా ఉందో చూసి, చెవి మొదట్లో వేళ్ళు పెట్టి, నెమరు వేస్తుంటే ముద్దకి ఎన్నిసార్లు నములుతోందో లెక్కపెట్టి రోగం చెప్పేవాడు. ఇటు రాంబిల్లి నుంచి అటు గొలుగొండ దాకా రైతులు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు.

నేను రోజూ ఏరు దాటి వెళ్ళి అనకాపల్లిలో ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాను. మా పల్లెలో అంతదాకా చదివిన ఆడపిల్ల అప్పటికి నేనొక్కదాన్నే. నాన్న సంతోషంతో నాకొక నల్లటి ఎబొనైట్ పెన్ను కొనిచ్చాడు. ఫిల్లరుతో సిరా పోసుకునే పెన్ను. దాని పాళీ నా చేతికి పదిరోజుల్లో అలవాటైపోయింది. నా దస్తూరీ బాగుంటుందని బడిలో అందరూ అనేవారు. అనగా అనగా నేనూ నమ్మాను. టీచర్ ట్రైనింగ్‌లో సీటు ఆ ఏడాది రాలేదు. ఇంట్లో ఉండి మళ్ళీ దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్నాను.

ఆ ఫాల్గుణంలో నాన్న ఉప్మాక గుళ్ళో స్వామి కళ్యాణానికి వెళ్ళాడు. ఆయన లేని రోజున గొలుగొండ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. ఎద్దుకి పొట్ట ఉబ్బిందట, నేలకి అంటుకుపోయిందట. అమ్మ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. పొద్దు వాలేదాకా కూర్చుని, ఇక ఉండలేక వెళ్ళిపోయాడు. మర్నాడు నాన్న వస్తూనే సంగతి విని, కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆ ఊరు బయల్దేరాడు. ఆయన వెళ్ళేసరికి ఎద్దు చచ్చిపోయింది. తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ రెండుసార్లు పిలిచినా అన్నానికి లేవలేదు.

"ఇంగువ, వాము, నూనె. ఆ ఇంట్లోనే ఉన్నాయే అన్నీ," అన్నాడు నాతో. "ఎంతెంత పొయ్యాలో, ఎలగ పొయ్యాలో సెప్పేవోడు లేక సచ్చిపోయింది. నానొక్కడినే ఎన్ని ఊళ్ళకి సెప్పగలను? ఒలే అమ్మీ, నాను సెప్తాను, నువ్వు రాయి."

అలా మొదలైంది. చెరకు ఆడే రోజులవి. నాన్న గానుగ దగ్గర ఎద్దుల వెనక నడుస్తూ చెప్పేవాడు, నేను పక్కన నడుస్తూ రాసేదాన్ని. పెనంలో పాకం కలియబెడుతూ చెప్పేవాడు, నేను మంటకి ఎడంగా కూర్చుని రాసేదాన్ని. నా పాత బడి నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాలన్నీ కొట్టివేతలతో నిండిపోయాయి. ఆయన మందు చెప్పి ఊరుకునేవాడు కాదు. "ఆవు కసురుకుంటాది, నువ్వు కసురుకోకు అని కూడా రాయి," అనేవాడు. "దూడ సచ్చిపోయిన ఆవుకి మూడ్రోజులు మందు అక్కర్లేదు, దాని పక్కన మనిషి కూకుంటే సాలు. అదీ రాయి." నేను నవ్వేదాన్ని. రాసేదాన్ని. లెక్కపెడితే నూట పన్నెండు వైద్యాలు తేలాయి.

ఇక మంచి ప్రతి రాయాలి. దానికి మంచి కాగితం కావాలి. మా నాన్నకి తెలిసిన కాగితాల మనిషి ఒక్కడే, అనకాపల్లి బెల్లం మార్కెట్ దగ్గర బైండింగ్ కొట్టు ఉన్న సాయిబు గారు. మార్కెట్లో కొట్లన్నిటికీ పద్దుల పుస్తకాలు కుట్టేది ఆయనే. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆయన గేదె ఈనలేక పడిపోతే నాన్న ఒక పగలంతా దాని దగ్గరే ఉండి తల్లినీ దూడనీ బతికించాడట. అప్పట్నుంచి వాళ్ళిద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. మా అమ్మ ఆయన్ని సాయిబన్నయ్య అనేది. నాకు మావయ్య. బెల్లం బండి కట్టిన ప్రతిసారీ నాన్న ఎడ్లని ఆ కొట్టు ముందే విప్పేవాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగితేగాని ఆయనకి అనకాపల్లి వెళ్ళినట్టుండేది కాదు.

ఆ రోజు నన్నూ బండి మీద తీసుకెళ్ళాడు. "బావా, అమ్మాయికి మంచి కాగితం సూసి ఇవ్వు. పదికాలాల పాటు ఉండాల," అని చెప్పి, తను బెల్లం తూకానికి మార్కెట్లోకి వెళ్ళిపోయాడు.

మావయ్య నా పెన్ను అడిగి తీసుకున్నాడు. పాళీని వెలుతురుకి పెట్టి చూసి, గోటి మీద చిన్న గీత గీసి, "సిరా దండిగానే దిగుతాది దీన్లోంచి. అయితే కాగితం గట్టిది కావాల," అన్నాడు. తర్వాత ఒక్కొక్క రకమే తీసి నా ముందు పెట్టాడు.

కాగితాన్ని అలా ఎంచుతారని నాకప్పటిదాకా తెలియదు. ఒక కొస పట్టుకుని విదిలించాడు. చౌక కాగితం బట్టలా చప్పుడు లేకుండా ఊగింది. ఇంకోటి పెళపెళమంది. "ఈ సప్పుడు ఇను. ఒంట్లో జిగురున్న కాగితం ఇలగ పలుకుతాది." కిటికీకి అడ్డంగా పట్టి చూపించాడు. ఒకదాన్లో మబ్బుల్లా మరకలు కనిపించాయి. పల్చగా ఉన్న చోట సిరా పారుతుందని చెప్పాడు. నాలిక కొసతో కాగితం మూలని తడిపించాడు నా చేత. చౌకది వెంటనే తడిని పీల్చి అటువైపు నల్లబడింది. గట్టిది కాసేపు తడిని పైనే నిలుపుకుంది. "మరీ తాగెయ్యకూడదు, అసలు తాగకుండానూ ఉండకూడదు. కొంచెం తాగాల." ఆఖరికి నా చేత 'క్ష' రాయించాడు. ఒత్తులూ మలుపులూ ఉన్న అక్షరం. పది అంకెలు లెక్కపెట్టి వేలితో రుద్దమన్నాడు. తిప్పి వెనక చూడమన్నాడు. చౌక కాగితం మీద అక్షరం అంచులకి వెంట్రుకలు మొలిచాయి, వెనక్కి అద్దినట్టు దిగింది.

అన్నిటికీ నిలబడింది లెడ్జరు కాగితం. గంజి రంగు, గరుకు కాదుగాని మెరుపూ లేదు. "ఇది తీసుకో బేటీ," అన్నాడు. "నీ మనవలు కూడా సదువుకుంటారు."

నాకది నచ్చలేదు. కొట్లో గుమాస్తాలు ముందు పెట్టుకునే పుస్తకాల కాగితం అది. నా చూపు అప్పటికే అలమరలో పై అరమీద ఉన్న ఒక కట్ట మీద పడింది. తెల్లగా, మందంగా, పాలమీగడ తేరినట్టు మెరుస్తోంది. అడిగి దింపించాను. దాని మీద పాళీ పెడితే జారిపోయింది, ఎక్కడా గీరుకోలేదు. అక్షరం సన్నని చోట దారంలా, లావు చోట నిండుగా, సిరా తడి మెరుస్తూ లేచి నిలబడ్డట్టు కనిపించింది. నా అక్షరాలు నాకే ముద్దొచ్చాయి.

"అది పెన్నుకి కాదు బేటీ," అన్నాడు మావయ్య. "ప్రెస్సుకి. కేలండర్లు అచ్చేసే కాగితం. విశాపట్నం ప్రెస్సులో మిగిలితే అట్టలకి అతికించడానికి తెచ్చేను. పైన సున్నం లాంటి పూత ఉంటాది. సిరా ఆ పూత మీదే ఆరిపోతాది, లోనికి దిగదు."

"ఆరితే చాలు కదా మావయ్యా?"

"ఎండాకాలం గనక ఆరింది. వానలకి ఆ పూత మెత్తబడతాది. కాగితానికి కాగితం అంటుకుంటాది. మరి ఇడదియ్యలేవు."

నేను కట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. ఆయన నా మొహం చూసి మెత్తగా చెప్పాడు. "పోనీ ఒక పని సెయ్యి. ఒక్క కాగితం పట్టుకెళ్ళు. రెండు పక్కలా రాసి, మడిసి, మంచినీళ్ళ కుండ పక్కన వారం ఉంచు. మల్లీ వచ్చినప్పుడు నువ్వే సెప్పు ఏది కావాలో."

వారం ఆగడం నాకెంత పని? కాని ఆ మెరుపు మీద నా దస్తూరీని వెంటనే చూసుకోవాలని ఉంది. ఊళ్ళో వాళ్ళు పుస్తకం విప్పి, ఎంత బాగా రాసిందీ పిల్ల అనాలి. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. "నాన్న మెరిసే కాగితమే తెమ్మన్నాడు మావయ్యా."

ఆయన "బావ అన్నాడా?" అని అడిగాడు. అన్నాడన్నాను. ఆయన తలూపి కాగితాలు లెక్కపెట్టి కట్ట కట్టాడు. "రాయడం అయ్యేక తే. కుట్టిస్తాను. వానలు పడకముందు మాత్రం ఒకసారి నా దగ్గరికి తేవాల. మద్దెమద్దెన పల్చటి కాగితం పెట్టిస్తాను. మర్సిపోకు."

తిరుగు బండిలో నాన్న కట్ట మీద చెయ్యేసి చూశాడు. "అబ్బో, అద్దం లాగుంది. బావే ఇచ్చేడా?"

"ఆ," అన్నాను.

చైత్ర వైశాఖాలు రెండూ రాశాను. మధ్యాహ్నాలు వసారాలో చాప వేసుకుని, పక్కన సిరా బుడ్డీ అద్దుడు కాగితమూ పెట్టుకుని. సిరా ఆరడానికి చాలాసేపు పట్టేది. పేజీ రాశాక ఊదుతూ కూర్చునేదాన్ని. రెండుసార్లు మోచెయ్యి తగిలి వరసంతా అలుక్కుపోయింది. అప్పుడైనా ఆలోచించాల్సింది. అద్దుడు కాగితాన్ని తిట్టుకుని ఆ పేజీలు మళ్ళీ రాశాను. పని పూర్తయ్యాక చిత్తు కాగితాలన్నీ నీళ్ళు కాచే పొయ్యిలో పెట్టాను. అమ్మ అడ్డుపడింది. "ఉండనీవే, ఎక్కడో ఓ మూలనుంటాయి," అంది. ఇంత ముచ్చటైన పుస్తకం ఉండగా ఆ మాసిన కాగితాలెందుకన్నాను.

మావయ్య దాన్ని నల్ల కాలికో గుడ్డ వేసిన అట్టతో కుట్టి ఇచ్చాడు. ఇస్తూ, మధ్యన పెట్టే పల్చటి కాగితం ఇంకా రాలేదని, వానల సంగతి మళ్ళీ గుర్తుచేశాడు. ఆ నెల రోజులూ మా అరుగు మీదికి ఎవరొచ్చినా నాన్న పుస్తకం తెప్పించేవాడు. తను చదవడు. చేతులు పంచెకి తుడుచుకుని విప్పి, పేజీ మీద అరచెయ్యి ఆనించి, "మా గుంట రాసింది," అనేవాడు. వచ్చినవాళ్ళు నేను కోరుకున్న మాటే అనేవారు.

జూలైలో నాకు ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. పుస్తకాన్ని పాత చీరలో చుట్టి, అటక మీద ట్రంకు పెట్టెలో పెట్టి విశాఖపట్నం వెళ్ళిపోయాను. బైండింగ్ కొట్టు దారిలోనే ఉంది. ఆగితే పావుగంట పని. రైలు తప్పిపోతుందేమోనని ఆగలేదు.

ఆ ఏడాది వానలు విడవకుండా పడ్డాయి. ఆశ్వీజంలో తుఫాను గాలికి మా ఇంటి మీద తాటాకు లేచిపోయింది. అటక తడిసిందిగాని ట్రంకులోకి నీళ్ళు దిగలేదు. చెమ్మ దిగింది.

దీపావళి సెలవులకి ఇంటికొచ్చిన మర్నాడు రాంబిల్లి నుంచి ఒకాయన వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో ఆవులకి గాలికుంటు తగిలిందట. నాన్న ఉత్సాహంగా, "అమ్మీ, పుస్తకం తియ్యి. సదివి, ఆయనకి ఒక కాగితం మీద రాసివ్వు. ఊరంతటికీ పనికొత్తాది," అన్నాడు.

పెట్టె తెరవగానే తడి సున్నం వాసన కొట్టింది. పుస్తకం చేతిలోకి తీసుకుంటే ఇటుకలా ఉంది. అట్ట వచ్చింది, పేజీలు రాలేదు. గోరు పెట్టి మెల్లగా లాగితే తెల్లటి పూత పెచ్చుగా లేచి, నా అక్షరాలతో సహా ఎదుటి పేజీకి అంటుకుపోయింది. అక్కడ అవి తిరగబడి, ఒకదాని మీద ఒకటి పడి, నీలం మచ్చగా కనిపించాయి. ఆవిరి పట్టి చూశాం. బియ్యంలో పెట్టి చూశాం. ఒక్క పేజీ కూడా చదవడానికి వీలుగా రాలేదు.

నాన్న ముందు రాంబిల్లి ఆయనకి నోటితోనే రెండుసార్లు వైద్యం చెప్పి పంపించాడు. ఆయన వెళ్ళాక ఆ ముద్దని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇది బావ ఇచ్చిన కాగితమే కదా?"

బండిలో నేనన్న 'ఆ' ఆలోచించకుండా అన్నది. ఇప్పుడు ఆలోచించుకునే సమయం ఉంది. నాన్న నా వైపు చూస్తున్నాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"అవును నాన్నా."

"తెలిసే ఇచ్చేడా?"

"నాకేటి తెలుసు."

"పుట్టినకాడ్నించి కాగితాల్లో బతికినోడికి తెలీదేటి?" అన్నాడు నాన్న. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "ఎవలూ కొననిది నా గుంటకి అంటగట్టేడు. బావ ఇలగ సేత్తాడనుకోలేదు."

నేను కాళ్ళ వంక చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఆయనే తేరుకుని, "పోనీలే. బుర్రలో ఉంది కదా. మల్లీ రాద్దాం," అన్నాడు. వేసవి సెలవుల్లో రాద్దామని మాటిచ్చి నేను వెళ్ళిపోయాను.

ఆ తర్వాత నాన్న బండి బైండింగ్ కొట్టు ముందు ఆగలేదు. మార్కెట్‌కి ఇంకో దారి ఉంది, చుట్టు. ఎడ్లు పాత దారికే తిరగబోతే పగ్గం లాగి మళ్ళించేవాడని అమ్మ చెప్పింది. అమ్మ నోట్లో కూడా సాయిబన్నయ్య పోయి, ఆ సాయిబు అయ్యాడు.

మాఘమాసంలో నాన్న గానుగ దగ్గరే కూలిపోయాడు. పక్షవాతం. కుడివైపు చచ్చుబడింది, మాట పడిపోయింది. నేను వచ్చి పక్కన కూర్చుంటే ఎడమచేత్తో నా తల నిమిరాడు. అన్నీ వినేవాడు, అన్నీ తెలిసేవి. అవుననో కాదనో తలూపేవాడు. పలక ఇచ్చినా ఎడమచేత్తో ఒక్క అక్షరమూ కుదిరేది కాదు. అంతే. నూట పన్నెండు వైద్యాలూ ఆ తలలోనే ఉన్నాయి, బయటికి దారి లేదు.

సంగతి తెలిసి మావయ్య వచ్చాడు. అంతకుముందు మూడు నెలలుగా బండి తన కొట్టు ముందు ఆగడం లేదని ఆయనకి తెలుసు. ఎందుకో కూడా మార్కెట్లో ఎవరో చెప్పే ఉంటారు. బత్తాయిలు తెచ్చాడు. మంచం పక్కన పీట మీద కూర్చుని, "బావా," అన్నాడు.

నాన్న కళ్ళు తెరిచి చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఒంట్లో మిగిలిన కాస్త శక్తీ పెట్టి తిప్పుకున్నాడు.

"బావా," అన్నాడు మావయ్య ఇంకోసారి. గోడవైపు నుంచి కదలిక లేదు. అమ్మ పలకరించకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. మావయ్య అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు. ఒక్కసారే. నేను చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. పక్షవాతం నాన్నకి వచ్చింది, నోరు పడిపోయింది మాత్రం నాకు.

"సదువు ఎలగుంది బేటీ?" అన్నాడు.

"బాగుంది మావయ్యా."

ఇంకో నాలుగు నిమిషాలు కూర్చుని, నాన్న దుప్పటి కాళ్ళ మీదికి సర్ది, వెళ్ళిపోయాడు.

ఇంకో పది నెలలు నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఎన్నిసార్లు ఆలోచించినా నాకు పనికొచ్చే జవాబు దొరకలేదు. భయమంటే భయమే. ఆ మంచం మీద ఉన్న మనిషికి నేను గొప్ప. అది పోతుందని.

మార్గశిరంలో ఒక మధ్యాహ్నం అమ్మ నాన్నకి జావ తాగిస్తోంది. నేను సెలవులకి వచ్చి ఉన్నాను. అమ్మ ఎప్పుడూ అనే మాటే అంది. "ఆ సాయిబు కాగితమే సరైందయుంటే, నువ్విలగ పడున్నా నీ మాట ఉండును. ముండనాకొడుకు, ఇంటికొచ్చి బత్తాయిలిచ్చేడు." నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూతి తుడవబోయి నేను ఆగిపోయాను.

"ఆయన వద్దన్నాడమ్మా," అన్నాను. "లెడ్జరు కాగితం తీసుకోమన్నాడు. వానలకి అంటుకుపోతుందని ముందే చెప్పాడు. నేనే వినలేదు. నువ్వు తెమ్మన్నావని ఆయనకి అబద్ధం చెప్పాను నాన్నా. ఆయనిచ్చాడని నీకు చెప్పాను."

అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నాన్న నన్ను చాలాసేపు చూశాడు. ఆ చూపులో ఏముందో పోల్చుకోలేకపోయాను. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి ఎడమచెయ్యి ఎత్తి వాకిలి వైపు చూపించాడు. నన్ను పొమ్మంటున్నాడనుకున్నాను. లేచి గడప దాకా వెళ్ళాను. వెనకనుంచి అమ్మ అంది, "నిన్ను కాదే. అన్నయ్యని తెమ్మంతన్నాడు. బేగి ఎల్లు."

బైండింగ్ కొట్లో మావయ్య సూదితో కుట్టు వేస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. ఆయన కుట్టు ఆపలేదు. వరస పూర్తయ్యాక దారం తెంపి, సూది పక్కన పెట్టాడు.

"తెలుసు," అన్నాడు. "బండి సుట్టుదారిన ఎల్లిన నాడే అనుకున్నాను. బావ అడిగుంటే నువ్వేటి సెప్పుంటావో."

"మరి ఆ రోజు ఇంటికొచ్చినప్పుడైనా ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే ఏటవుతాది? నన్ను నమ్మాలంటే నిన్ను అబద్ధాలకోరనుకోవాల. నోరు పడిపోయి మంచం మీదున్నోడు, కన్నబిడ్డని ఏటనుకుని బతుకుతాడు? నాకైతే కొట్టుంది, పనుంది. బావ నన్ను ఒదిలేసినా రోజెల్లిపోతాది." సూది మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఎల్లలేదులే," అన్నాడు. "సానా కట్టమయ్యింది."

ఆ శుక్రవారం నమాజు అయ్యాక వచ్చాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. గొంతులోంచి ఏవో చప్పుళ్ళు వచ్చాయి. మావయ్య, "ఊరుకో బావా, ఊరుకో," అంటూ తనూ ఏడ్చాడు. అమ్మ ఆయన ముందు నేల మీద కూలబడి, "అన్నయ్యా, నోటికొచ్చినట్టు అన్నాను," అంది. నేను ఒక మూల నిలబడ్డాను. నన్నెవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారమూ వచ్చేవాడు. పోయినదాన్ని కొంతైనా రాబట్టాలన్న ఆలోచన ఆయనదే. లెడ్జరు కాగితాలు తనే తెచ్చాడు. ఇన్నేళ్ళు టీ తాగుతూ నాన్న చెప్పగా విన్నవాటిలో ఆయనకి కొన్ని గుర్తున్నాయి, రాస్తూ నేను విన్నవాటిలో నాకు కొన్ని. ఆకులూ వేళ్ళూ దినుసులూ తెచ్చి నాన్న ముందు పరిచేవాళ్ళం. ఇదేనా? కాదు. ఇదా? అవును. ఎంత, చారెడా? కాదు. సగమా? అవును. ఒక్కోసారి మేం అడగాల్సింది ఏమిటో మాకే తెలిసేది కాదు. నాన్న తల అటూ ఇటూ కొట్టుకునేవాడు. చెప్పాలనుకున్నది మేం పట్టుకోలేక వదిలేస్తే అలసిపోయి నిద్రపోయేవాడు. అనుమానం ఉన్నది రాయొద్దని మావయ్య గట్టిగా చెప్పాడు. తప్పు మందు పశువుని చంపుతుంది. అలా ఎనిమిది నెలల్లో పదకొండు వైద్యాలు తేలాయి. చచ్చిన దూడకోసం బెంగపెట్టుకున్న ఆవు పక్కన కూర్చోవాలన్నది నేను మర్చిపోలేదు కాబట్టి, దాంతో కలిపి పన్నెండు.

మిగతా వంద గురించి ఎవరికైనా చెప్పాలన్నా ఏం చెప్పను? అవేమిటో తెలిస్తే కదా. తర్వాత టీచరునై నలభై ఏళ్ళు పిల్లల చేత రాయించాను. పెన్ను కొనుక్కున్న ప్రతి పిల్లకీ కాగితం విదిలించి వినడం, నాలిక కొసతో తడిపి చూడడం, 'క్ష' రాసి వెనక్కి తిప్పడం నేర్పాను. బాగా చెప్తానని పేరు కూడా వచ్చింది. ఆ విద్య నాకు ఎవరు నేర్పారో, నేర్చుకున్న రోజునే దాన్నేం చేశానో ఏ పిల్లకీ చెప్పలేదు.

నాన్న శ్రావణంలో పోయాడు. మావయ్య పాడె వెనక ఏటిదాకా నడిచాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ అనకాపల్లి వెళ్తే కొట్లో కూర్చునేదాన్ని. బేటీ అనే పిలిచేవాడు. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

నేను చెప్పేసిన రోజు నుంచి నాన్న పోయిన రోజు దాకా ఎనిమిది నెలలు. సెలవులకి వచ్చినప్పుడల్లా నేనే అన్నం కలిపి పెట్టేదాన్ని. నా చేత్తో పెడితే తినేవాడు. మొహం తిప్పుకోలేదు ఎప్పుడూ. కాని అంతకుముందులా నా తల మీద చెయ్యి వేసినట్టు గుర్తులేదు. వేశాడేమో, నేను మరిచిపోయానేమో. నా మీద కోపం పోయిందా నాన్నా అని ఒక్క మాట అడిగితే, తలూపి చెప్పగలిగేవాడు. అవునో కాదో. ఆకుల గురించీ వేళ్ళ గురించీ వందలసార్లు అడిగాను. ఆ ఒక్కటీ అడగలేదు. కాదని తలూపుతాడేమోనని.